మ్యాపు మారినా మన గూడెం ఉండాలి

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక, మా అన్నయ్య జీపులోని పాత గార్మిన్ జీపీఎస్‌లో మ్యాపు అప్‌డేట్ చెయ్యాల్సొచ్చింది. కానీ మా గూడెం, గెడ్డ దాటే చోటు, జీపు ఆగిపోయి డోలీ మొదలయ్యే మలుపు మ్యాపుతో వచ్చినవి కావు. మేం తిరిగి చేర్చుకున్నవి.

అందుకే ముందు దాన్ని కంప్యూటర్‌కి కలిపి, జీపీఎక్స్ ఫోల్డర్‌లో 'కరెంట్' అనే ఫైలు కాపీ చేసి దాచాం. మనం సేవ్ చేసిన చోట్లన్నీ అందులోనే ఉంటాయి. తెరిస్తే ప్రతి చోటు పేరూ, అక్షాంశం, రేఖాంశం చదువుకోవచ్చు.

భాష, గొంతు లాంటి సెట్టింగులు కాగితం మీద రాసుకుంటే చాలు, మళ్లీ పెట్టుకోవచ్చు. చోట్లు అలా కాదు. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే, దారి తెలియని డ్రైవర్‌ని ఊరిదాకా తెచ్చేవి అవే. మీ గూడెం కాపీ కూడా ఇంకోచోట దాచండి.