అమెరికాలో మా గూడుబండి

మా తాతగారికి దివిసీమలో ఒక గూడుబండి ఉండేది. ఏటా మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనానికి ఇంటిల్లిపాదికీ అందులోనే ప్రయాణం. కింద వరిగడ్డి, దానిమీద జంపఖానా, ఒక మూల మరచెంబు, ఇంకొక మూల పులిహోర మూట. ఎడ్లను కట్టేముందు తాతగారు ఎవరితోనూ మాట్లాడేవారు కారు. రెండు చక్రాలూ చేత్తో తట్టి, ఇరుసుకు కందెన రాసి, కడశీలలు ఊగుతున్నవేమో పట్టి చూసి, అప్పుడుగాని “ఇక ఎక్కండర్రా” అనేవారు కారు. అంతటి పెద్దాయన మనుమణ్ణయి ఉండి నేను చేసిన నిర్వాకం ఏమిటో వినండి.

నేనూ మా ఆవిడా కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నాము. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆవిడ చూసిన అమెరికా అల్లా ఇల్లు, కూరల దుకాణం, పిల్లల బడి, శని ఆదివారాలలో మనవాళ్ళ ఇళ్ళలో విందులు. 2019 జనవరిలో నేను ఉద్యోగం విరమించగానే, “ఇప్పటికైనా నాలుగు కొండలూ కోనలూ చూపిస్తారా?” అని అడిగింది. వెనకా ముందూ చూడకుండా 6,500 డాలర్లు పోసి ఒక పాత మోటారుహోము కొనుక్కొచ్చాను.

మోటారుహోము అంటే ఇంజనుమీద నడిచే ఇల్లు. బస్సంత పెద్దవి ఉన్నవి గాని, మాది చిన్న రకం. ఒక చిన్న జపాను ట్రక్కు ఛాసిస్ మీద అమెరికాలో గది కట్టి 1984లో అమ్మిన బండి. పొడవు 21 అడుగులు. అందులోనే గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, బల్ల, మరుగుదొడ్డి, డ్రైవరు నెత్తిమీద అటకలాంటి పడక. నాలుగు సిలిండర్ల ఇంజను. దానిని చూసి మా ఆవిడ, “ఇది మనల్ని మోస్తుందా, మనమే దీన్ని మొయ్యాలా?” అన్నది. శుభమా అని బయలుదేరుతుంటే ఆ మాటలేమిటని విసుక్కున్నాను.

ఫిబ్రవరి వానలకే ఆవిడ మాట సగం నిజమైంది. అటకమీది పరుపు తడిసింది. కింది చెక్కను బొటనవేలితో నొక్కితే తడిసిన అప్పడంలా లోపలికి పోయింది. పాత మోటారుహోములకు పెద్ద శత్రువు ఇంజను కాదు, నీరు. కప్పు అతుకుల్లోంచీ కిటికీ చట్రాల పక్కనుంచీ చుక్క చుక్కగా దిగి, గోడలోపలి కర్రను ఏళ్ళ తరబడి తింటుంది. పైకి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కిటికీలు ఊడదీసి, కుళ్ళిన చెక్క కోసి, కొత్త ప్లైవుడ్ వేసి, జిగురుపట్టీలతో మళ్ళీ బిగించేసరికి రెండు నెలలు పట్టింది.

తర్వాత ఫ్రిజ్ మొరాయించింది. ఇంట్లోని ఫ్రిజ్‌లాగా దీనికి మోటారు ఉండదు. చిన్న గ్యాసు మంట వేడితో లోపలి అమ్మోనియాను కదిలించి చల్లదనం పుట్టిస్తుంది. అగ్గి పెట్టి మంచు తెప్పించడమన్నమాట! అయితే బండి ఒరిగి నిలబడితే అది పనిచేయదు. వారం రోజులు దానితో కుస్తీపట్టి, చివరకు తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి కొని నేలమీద పెట్టి చూస్తే బండి ఎడమకు వాలి ఉన్నది. చక్రం కింద రెండు చెక్కలు పెట్టాను. మర్నాటికి పెరుగు గడ్డకట్టింది.

ఇంతవరకూ గొప్పగానే చెప్పాను. ఇక అసలు సంగతి.

ఏప్రిల్‌లో టైర్లు మార్పించబోయాను. పాతవాటి గాడులు చెక్కుచెదరలేదు గాని, పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూస్తే అవి తయారై పదకొండేళ్ళయిందని తేలింది. రబ్బరుకు అరుగుదల ఒక్కటే కాదు, వయస్సు కూడా ఉంటుంది. టైర్లు మార్చిన కుర్రవాడు వెనక చక్రాన్ని చూపి, “దీనికి ఐదు బోల్టులే ఉన్నవి. ఈ ఇరుసుతో కొండలెక్కకండి” అన్నాడు.

అందులోని మర్మం ఇది. ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, బరువు మోస్తుంది. చక్రం దానిమీద తిరుగుతుంది. చిన్న ట్రక్కుల వెనక ఇరుసు అలా కాదు. చక్రాన్ని తిప్పడమూ, బరువు మోయడమూ రెండూ లోపలి ఉక్కు కడ్డీ పనే. ట్రక్కు వరకు అది చాలు. దానిమీద ఇల్లు కడితే చాలదు. పక్కకు రెండేసి చక్రాలు వేసినా టైర్లకే గాని ఇరుసుకు బలం రాదు. ఇటువంటి కొన్ని బండ్లకు దారిలో ఇరుసు విరిగి చక్రాలు ఊడిపోయిన మీదట, తరువాత వచ్చినవాటికి ఆరు బోల్టుల గట్టి ఇరుసు వేశారు. అందులో బరువు బయటి గొట్టం మోస్తుంది, లోపలి కడ్డీ తిప్పడం మాత్రమే చేస్తుంది. అంటే మళ్ళీ మా తాతగారి బండి పద్ధతే!

ఇరుసు మార్చడానికి రెండువేల డాలర్ల పైన అవుతుందన్నారు. అప్పటికే చెక్కలకూ టైర్లకూ అయిన ఖర్చు మా ఆవిడకు సగమే చెప్పి ఉన్నాను. ఇంకొకటి చెప్పే ధైర్యం లేకపోయింది. బరువు తగ్గిస్తే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీళ్ళ ట్యాంకు సగమే నింపాను. ఆవిడ సర్దిన ఇనప పెనం, రోకలీ కల్వం, చివరకు ప్రెషర్ కుక్కరు కూడా దింపేశాను. “కుక్కరు మీకేం అడ్డం వచ్చిందండీ?” అంటే, “విహారానికి వెళ్తూ వంటిల్లు మోసుకుపోతామా?” అని కసిరాను.

జూలై చివర తెల్లవారుజామున బయలుదేరాము. బాదం తోటలు దాటాక ప్రీస్టు గ్రేడు అనే మలుపుల ఎత్తు వచ్చింది. రెండో గేరులో బండి మూలుగుతూ ఎక్కుతుంటే వెనక కార్లు బారులు తీరాయి. ఐదు బండ్లు వెనకపడితే పక్కకు తప్పుకొని దారి ఇవ్వాలని కాలిఫోర్నియాలో చట్టం. “పెళ్ళివారిలా వెంట వస్తున్నారండీ” అని మా ఆవిడ లెక్కపెట్టేది, నేను తప్పుకొనేవాణ్ణి. యోసెమిటీ అడవుల మీదుగా ట్వాలమీ పచ్చికబయళ్ళకు చేరేసరికి బోర్లించిన గుండిగల్లాంటి నల్లసేనపు కొండలు, వాటి నెర్రెల్లో జూలైలోనూ కరగని మంచు కనిపించాయి. ఆవిడ మాట్లాడడం మానేసి కిటికీకి అతుక్కుపోయింది. అక్కడికి కొంతదూరంలోనే 9,943 అడుగుల ఎత్తున టయోగా కనుమ. చలికాలమంతా మంచు పేరుకొని ఈ దారి మూసి ఉంటుంది. కనుమ దాటాక రోడ్డు కొండ చరియను పట్టుకొని ఒక్కసారిగా దిగుతుంది. ప్రతి మలుపులోనూ నా చెవులు వెనక చక్రం మీదే. “ఎందుకండీ అంత చెమట?” అన్నది ఆవిడ. ఎండ అన్నాను.

ఆ రాత్రి లోయలో ఏటి ఒడ్డున మకాం. గంటన్నర ఉడికినా కందిపప్పు పలుకు విరగలేదు. అంత ఎత్తున నీళ్ళు నూరు డిగ్రీలు రాకుండానే మరుగుతాయి. పప్పుకు ఆ వేడి చాలదు. కుక్కరు ఉంటే పదిహేను నిమిషాల పని. ఆవిడ ఏమీ అనలేదు. ఆవకాయతో అన్నం తిని పడుకున్నాము.

మర్నాడు మోనో సరస్సుకు వెళ్ళాము. దీనిలోకి ఏళ్ళు వస్తాయి గాని బయటికి పోయే దారి లేదు. అందుచేత నీరు సముద్రం కంటే రెండు రెట్లు పైగా ఉప్పన. చేపలు బ్రతకవు, చిటికెడంత రొయ్యలూ, ఉప్పు ఈగలూ, వాటికోసం వచ్చే పక్షులూ ఉంటాయి. 1941 నుంచి లాస్ ఏంజెలిస్ నగరం ఆ ఏళ్ళను మళ్ళించుకోవడంతో సరస్సు 45 అడుగులు దిగిపోయింది. నీటి అడుగున ఏర్పడిన సున్నపు స్తంభాలు అప్పుడే బయటపడ్డాయి. శిథిలమైన గుడి మండపంలా ఉన్నది ఆ ఒడ్డు. 1994లో రాష్ట్రప్రభుత్వ జలమండలి తీర్పు ఇచ్చి కొంత నీటిని సరస్సుకే వదలమన్నది.

మేము తిరిగి వచ్చేసరికి మా బండి పక్కన అచ్చంగా దానికి అక్కలాంటి బండి ఆగి ఉన్నది. దాని యజమాని, డెబ్భై దాటిన అమెరికా పెద్దమనిషి, మా వెనక చక్రం దగ్గర వంగి వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. “ఐదు!” అన్నాడు తల ఎత్తి. “అమ్మా, మీరు ఈ ఇరుసుతో టయోగా దిగి వచ్చారా?” అని సూటిగా మా ఆవిడనే అడిగాడు. అంతా విడమరిచి చెప్పాడు.

ఆవిడ నావైపు చూసింది. “మీకు తెలుసునా?”

“తెలుసు.”

“అందుకా నా కుక్కరు దింపించింది!”

బండిలోకి వెళ్ళి కూర్చున్నది. అరగంట తర్వాత నేనే వెళ్ళాను. ఆవిడ కోపంగా లేదు. అదే నాకు భయం వేసింది. “ఖర్చయిందని కాదండీ. మలుపుల్లో మీకు చెమటలు పట్టాయి. నేను హాయిగా కొండలు చూస్తున్నాను. ఇద్దరం ఎక్కిన బండిలో భయం ఒక్కరిదే ఎలా అవుతుంది?” అన్నది. నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి తనే, “దశరథుడి రథానికి శీల ఊడితే కైకేయి వేలు పెట్టిందంటారు. అదైనా ఆవిడకు తెలిసి పెట్టింది. నాకూ రెండు వరాలు బాకీ పడ్డారు. మొదటిది: ఇరుసు మార్చేవరకు ఈ బండి తన చక్రాలమీద కదలకూడదు” అన్నది. రెండోదేమిటంటే, దాచుకుంటానన్నది.

బండిని మరో లారీ ఎక్కించి అరవై మైళ్ళ పైన దక్షిణంగా బిషప్ అనే ఊరికి చేర్చాము. మెకానిక్కు మంచివాడు. రీనో దగ్గరి పాతబండ్ల యార్డులో ఆరు బోల్టుల ఇరుసు ఉన్నదని కనుక్కున్నాడు గాని, అది రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. అన్నాళ్ళూ అతని షెడ్డు ఆవరణలోనే, కదలని బండిలో కాపురం. పడమట సియెర్రా, తూర్పున వైట్ మౌంటెన్స్, నడుమ ఎండిన ఓవెన్స్ లోయ. ఈ లోయ నీటిని కూడా 1913లో కాలువ తవ్వి లాస్ ఏంజెలిస్‌కు తీసుకుపోయారు. ఆ ఎండను చూసి మా ఆవిడ ఊరుకోలేక బియ్యప్పిండి వడియాలు పెట్టింది. ఒక్కరోజులో గలగలలాడాయి. ఊళ్ళో కుక్కరు కూడా ఒకటి కొన్నది. నేను మెకానిక్కుకు పానాలు అందిస్తూ ఇరుసు ఎలా వెళ్తుందో, ఎలా వస్తుందో మొత్తం చూశాను.

కొత్త ఇరుసు పడ్డాక మొదటి ప్రయాణం వైట్ మౌంటెన్స్ మీదికి. పదివేల అడుగుల ఎత్తున షుల్మన్ వనం ఉన్నది. అక్కడి బ్రిసిల్‌కోన్ దేవదారులు మెలి తిరిగి, సగం చచ్చి సగం బతికి నిలబడతాయి. 1957లో ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రజ్ఞుడు వాటి వలయాలు లెక్కపెట్టి, నాలుగువేల ఏళ్ళు దాటిన చెట్లున్నవని తేల్చాడు. “ఈ లెక్కన మన బండికి ఇంకా బాలసారె కాలేదు” అన్నది మా ఆవిడ. ఆ పూట పప్పు మెత్తగా ఉడికింది. వడియాలూ వేగాయి.

తిరిగి బయలుదేరేటప్పుడు ఆవిడ చెయ్యి చాచింది. “రెండో వరం. తాళాలు ఇటివ్వండి.” ఇచ్చాను. చక్రాల చుట్టూ తిరిగి, ఒక్కొక్క బోల్టూ పైకే లెక్కపెట్టి, ఆరు, ఆరు అని తల ఊపి, డ్రైవరు సీట్లో కూర్చున్నది. “ఇక ఎక్కండి” అన్నది.

అచ్చం మా తాతగారే! నేను పక్క సీట్లో కూర్చుని, మొదటిసారిగా ఆ కొండలన్నీ చూస్తూ దిగాను.