పప్పు లెక్క, బడి లెక్క

పలాస జీడి పరిశ్రమలో పప్పుకు అంకెలే పేర్లు. 180, 210, 240, 320. పౌనుకు, అంటే 454 గ్రాములకు, సుమారు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధరా తక్కువే. ఏ పప్పు ఏ రకమో కంటిచూపుతోనే తేల్చేసి వేరుచేసే ఆడవాళ్లలో చాలామంది పెద్ద చదువులు చదివినవారు కారు.

మరి అది తెలివి కాదా?

బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలపై 1985లో ఒక అధ్యయనం వెలువడింది. బేరంలో వాళ్ల లెక్కలు 98 శాతం సరిపోయాయి. అలాంటి లెక్కల్నే ఉత్త అంకెలుగా కాగితంమీద ఇస్తే 37 శాతమే! పరీక్షించింది ఐదుగురినే కాబట్టి లోకమంతా ఇంతే అనలేం గానీ, ఆ తేడాను కొట్టిపారేయనూ లేం.

అలాగని తెలివి పరీక్షలన్నీ బూటకమనడం తొందరపాటు. ఐక్యూకూ మార్కులకూ సంబంధం ఉన్నమాట నిజమే. అయితే 1905లో తొలి పరీక్ష తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బినే ఉద్దేశం పిల్లలకు ముద్ర వేయడం కాదు, ఎవరికి అదనపు సాయం కావాలో కనిపెట్టడం. తెలివి పెరగదన్న వాదాన్ని ఆయన గట్టిగా కాదన్నాడు.

అలాంటి సాయం కావాల్సిన పిల్లలు పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలోనే ఉన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అక్కడి కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. కిడ్నీ జబ్బు అక్కడ అంతకుముందునుంచే ఉంది. డయాలసిస్ కోసం తండ్రిని వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లే పిల్లవాడికి పోయేది పాఠాలు, పడే పేరు మొద్దు. తప్పిన పాఠం సాయంత్రం కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటు ఎన్ని బళ్లలో ఉంది?