సస్తా కార్డా, సబరా?

సఫర్ నెల వచ్చిందంటే మా ధందా చల్లబడుతుంది. తేరా తేజీ రోజుల్లో పెళ్లిళ్లు పెట్టుకోవద్దని మా తరఫు పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. దీన్‌లో దానికి బునియాద్ లేదని మౌల్వీసాబ్ ఎన్ని జుమ్మాల్లో బయాన్ చేసినా షాదీఖానాలు మాత్రం ఖాళీగానే ఉంటాయి. నికాహ్, వలీమా వీడియోలు తీసి, మిక్సింగ్ చేసి ఇచ్చే నాలాంటోడికి అది కెమెరాలు తుడుచుకునే నెల. 2022లో సఫర్ ఆగస్టు ఆఖర్లో మొదలైంది. ఈ ఖాళీలో పాత బాకీ తీర్చేద్దామని, బక్రీద్ తర్వాత తీసిన ఒక వలీమా ముందేసుకుని కూర్చున్నాను.

నేను కూర్చున్నాను గానీ కంప్యూటర్ లేవలేదు. పెళ్లివాళ్లు ఫోర్‌కేలో కావాలన్నారు. నా మెషిన్‌లో ఉన్నది జీటీఎక్స్ 1650, నాలుగు జీబీ మెమరీ. 2019లో కొన్నప్పుడు అదే నాకు పెద్ద షాన్. ఫుల్ హెచ్‌డీ పని ఎంత పెట్టినా మొరాయించకుండా లాగింది. ఫోర్‌కేలో మాత్రం రుఖ్సతీ సీన్‌కి రంగులు సరిచేసి, రెండు ఎఫెక్టులు వేసేసరికి గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందని మెసేజ్ వచ్చేది. ఇషా తర్వాత రెండర్ పెట్టి పడుకున్నా. ఫజర్‌కి లేచి చూస్తే 41 శాతం దగ్గర ఆగిపోయి ఉంది.

రబీ-ఉల్-అవ్వల్‌కి నాలుగు ఆర్డర్లు బయానా తీసుకుని ఉన్నాను. నాలుగూ ఫోర్‌కేనే.

చేతిలో పైసలంటే మా బేగం ఎత్తిన చిట్టీ, 40 వేలు. అది బిటియా డిగ్రీ ఫీజు కోసం దాచింది. ఫీజు డిసెంబర్‌లో కట్టాలి. “అప్పటిదాకా వాడుకోండి, కానీ డిసెంబర్‌లో నా పైసలు నాకు కావాలి” అంది. ఇంకో మాట కూడా అడిగింది. “ఇది జరూరతా, షౌకా?”

నవ్వేసి జవాబు దాటేశాను. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు.

ఇంట్లో కంప్యూటర్ సంగతులకి ముఫ్తీసాబ్ మా పెద్దోడు. అప్పుడు ఇంటర్ సెకండియర్. వాడి ఫత్వా ఒకటే: “ఠహరో అబ్బా. ఇప్పుడు కొంటే మోసపోతాం.” దానికి వాడు చెప్పిన వజా కూడా వినండి, అందులో చాలా హకీకత్ ఉంది.

రెండేళ్లుగా గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఆకాశంలో ఉన్నాయి. లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలో కూర్చుని కంప్యూటర్లు కొన్నారు, చిప్‌లకి కొరత వచ్చింది. దానికి తోడు ఇథీరియమ్ అనే క్రిప్టో నాణెం. దాన్ని సంపాదించడానికి జనం ఒక్కో గదిలో పదుల కార్డులు పెట్టి రాత్రీపగలూ లెక్కలు చేయించారు. దాన్నే మైనింగ్ అంటారు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియమ్ తన తరీకా మార్చేసుకుంది. ఇక ఆ నాణేనికి కార్డులతో పని లేదు. ఒక్కరోజులో ఆ మైనింగ్ బంద్. నిన్నటిదాకా కమాయించిన కార్డులు కరెంటు బిల్లు కూడా తేలేని బోఝ్ అయ్యాయి. అవన్నీ సెకండ్‌హ్యాండ్ బజార్‌లోకి దిగాయి. కొత్త కార్డుల ధరలు కూడా జారుతున్నాయి.

అయిదు రోజులకి, సెప్టెంబర్ 20 రాత్రి ఎనిమిదిన్నరకి, ఎన్విడియా కొత్త 40 సిరీస్ ఏలాన్ చేసింది. మా వాడు అన్నం పళ్లెం ముందేసుకుని ఫోన్‌లో చూస్తున్నాడు. అన్నిటికన్నా పెద్ద 4090 ధర 1,599 డాలర్లు. అప్పుడు డాలర్ దాదాపు 80 రూపాయలు. టాక్సులు కలపకుండానే లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఆ తర్వాతి రెండూ 4080 పేరుతోనే, 1,199 ఒకటి, 899 ఒకటి. మన హైసియత్‌కి సరిపడే కార్డు ఆ రాత్రి ఒక్కటీ రాలేదు.

“చిన్నవి తర్వాత వస్తాయి అబ్బా. అప్పుడు పాతవి ఇంకా సస్తా అవుతాయి” అన్నాడు.

“ఎప్పుడొస్తాయి బేటా?”

వాడు ఆలోచనలో పడ్డాడు. పోయిన సిరీస్ తీరు చూశాం. 3090 వచ్చింది 2020 సెప్టెంబర్‌లో. అదే ఖాందాన్‌లో చిన్నదైన 3060 వచ్చింది 2021 ఫిబ్రవరి ఆఖర్లో. అంటే అయిదు నెలలు. కంపెనీలు అమీరులకి ముందు వడ్డించి, మనకి చివర్లో పెడతాయి. పాత సరుకు గోదాముల్లో ఇంత పేరుకుని ఉండగా చిన్న కార్డు తొందరగా దించుతారనీ అనిపించలేదు. పైగా కార్డుల ధరలు తగ్గుతూ పోయే కాలం గడిచిపోయిందన్నట్టు ఎన్విడియా పెద్ద జెన్సన్ హువాంగ్ ఆ వారమే మాట్లాడాడు. ఇటు మన రూపాయి కూడా డాలరుకి 81 దాటింది. సబర్‌కి ఫలం తీపే, కానీ దిగుమతి సరుకు విషయంలో ఆ తీపి మనదాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో చెప్పలేం.

ఆ రాత్రి కాగితం తీసుకుని హిసాబ్ వేశాను. ఆగితే కార్డు మీద మహా అయితే అయిదు, ఆరు వేలు తగ్గొచ్చు. ఆగినన్నాళ్లూ ఫోర్‌కే పని బయట స్టూడియోలో చేయించుకోవాలి. వాళ్లు ఒక్కో పెళ్లికి మూడు వేలు అడిగారు. నాలుగు పెళ్లిళ్లకి పన్నెండు వేలు. సబర్ చేసి అయిదు వేలు మిగిల్చుకోవడానికి పన్నెండు వేలు పోగొట్టుకోవాలి. మనం సాధారణంగా కార్డు ధర ఒక్కటే చూస్తాం. ఆగిన రోజులకీ ఒక ఖీమత్ ఉంటుంది, అది బిల్లు మీద కనబడదు. అదే నా కొడుక్కైతే లెక్క వేరు. వాడికి కావలసింది గేములు. ఆర్నెల్లు ఆగితే వాడికి పోయేది కొంచెం మజా. వాడు ఠహరో అనడం వాడి తరఫునుంచి సహీనే.

పొద్దున బేగంతో అన్నాను, “జరూరతే.” ఆమె తల ఊపింది. “మరి ఇస్తిఖారా చేసి వెళ్లండి” అంది. గ్రాఫిక్స్ కార్డుకి ఇస్తిఖారా ఏంటని మా వాడు నవ్వాడు. బిడ్డ ఫీజు పైసలు దానిలో ఉన్నాయి కదా, నవ్వకు అన్నాను.

సెప్టెంబర్ 24 శనివారం. నెలవంకకి ఇంకో మూడు రోజులుంది. నల్లగొండ నుంచి పొద్దున బస్సు ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం. అక్కణ్నుంచి మెట్రోలో పరేడ్ గ్రౌండ్, ఆటోలో పార్క్‌లేన్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ అంటే చెనోయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. మాకు కావలసింది 3060 అని ముందే ఖరారు చేసుకున్నాం. 3070 దానికన్నా జోరుగా పరుగెత్తుతుంది, కానీ దాని మెమరీ ఎనిమిది జీబీలే. 3060కి పన్నెండు. నా బాధంతా మెమరీ దగ్గరే కదా.

కొత్త 3060 ఒక దుకాణంలో 33,500 చెప్పారు. దానికి 170 వాట్ల కరెంటు కావాలి. నా పాత 1650 డెబ్బై అయిదుతో గడుపుకునేది. నా 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలదు, 550ది అయినా వేయాలి. అది ఇంకో నాలుగున్నర వేలు. మొత్తం 38 వేలు, చిట్టీ ఖతం. “నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోండి భాయ్, వడ్డీ ఉండదు” అన్నాడు కౌంటర్ మీది అబ్బాయి. వడ్డీ లేదంటూనే నఖద్ ఇస్తే వెయ్యి తగ్గిస్తానన్నాడు. ఆ వెయ్యి ఏంటో నాకు అర్థం కాలేదు, అంటే బాగానే అర్థమైంది. షుబహ్ ఉన్నచోట నా దిల్ ఒప్పుకోదు. శుక్రియా చెప్పి వచ్చేశాం.

ఇక సెకండ్‌హ్యాండ్. మొదటి చోట 3060, 18,500. తళతళా మెరుస్తోంది. బిల్లు లేదు. “మైనింగ్‌దా?” అని అడిగాను. “ఖసమ్ సే కాదు భాయ్. ఈ 3060తో మైనింగ్ అవ్వనే అవ్వదు, కంపెనీయే తాళం వేసి పంపింది.” మా వాడు నా చెయ్యి నొక్కాడు. తాళం వేసింది నిజమే. మైనింగ్ వేగాన్ని సగానికి తగ్గించే బందోబస్తు 3060కి మొదట్నుంచీ ఉంది. కానీ అది పూర్తిగా ఆపే తాళం కాదు. ఆ ఉన్నదాన్ని కూడా 2022 నాటికి జనం ఊడదీసేశారు. ఒక గంట నడిపి చూపించమన్నాం. కరెంటు పోయేలా ఉందన్నాడు. కరెంటు ఉంది.

బయట చాయ్ తాగుతూ మా వాడన్నాడు, “చూశారా, అందుకే ఠహరో అన్నాను.” నాకూ మనసు విరిగింది.

జొహర్ అయ్యాక చివరి ప్రయత్నంగా ఒక చిన్న రిపేరు దుకాణానికి వెళ్లాం. ఇరవై అయిదేళ్ల కుర్రాడు. 3060 ఉందా అంటే కింద నుంచి డబ్బా తీశాడు. నేను అడగకముందే వాడే చెప్పాడు: “అన్నా, ముందే చెబుతున్నా, ఇది మైనింగ్ కార్డు. పద్నాలుగు నెలలు ఆపకుండా నడిచింది. ఒక ఫ్యాన్ అరిగితే రెండూ మార్చాను. థర్మల్ ప్యాడ్లు, పేస్టు కొత్తగా వేశాను. 2021 జూన్ బిల్లు ఉంది, మూడేళ్ల వారంటీ. కానీ విప్పాను కాబట్టి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో నేను గ్యారంటీ ఇవ్వలేను. 20 వేలు.”

అడక్కుండానే తన సరుకు ఐబ్ తనే చెప్పిన వ్యాపారిని ఆ రోజు మొదటిసారి చూశాను. ఐబ్ దాచి అమ్మిన సౌదాలో బర్కత్ ఉండదని మక్తబ్‌లో మనం నేర్చుకున్నాం. ఆ కుర్రాడి కౌంటర్ వెనక గోడకి వెంకటేశ్వరస్వామి ఫోటో ఉంది. ఖసమ్ వేసినవాడు ఐబ్ దాచాడు, ఈ కుర్రాడు ఏ ఒట్టూ లేకుండా బయటపెట్టాడు. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయాలి.

గంట నడిపి చూపించాడు. ఫుల్ లోడ్‌లో కార్డు 70 డిగ్రీలు దాటలేదు, తెర మీద ఒక్క చుక్క తప్పు లేదు. ఆపకుండా నడిచిన కార్డులో ముందు అరిగేది ఫ్యాన్లు, ఎండిపోయేది ప్యాడ్లు, పేస్టు. చిప్ ఒకే వేడిలో ఉంటుంది కాబట్టి చాలాసార్లు బాగానే ఉంటుంది. చాలాసార్లు, ఎప్పుడూ కాదు. మిగతాది తవక్కుల్. ఒంటెని కట్టేశాకే తవక్కుల్ అని పెద్దలంటారు కదా, ఆ గంట పరీక్షే మా తాడు. 19,500కి ఖాయం చేసుకుని, ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి 24 వేలకి ఇంటికొచ్చాం. మిగిలిన పదహారు వేలు బేగం చేతిలో పెట్టాను. రబీ-ఉల్-అవ్వల్ పెళ్లిళ్లు నాలుగూ ఇంట్లోనే పూర్తయ్యాయి. డిసెంబర్‌లో ఫీజు వేళకి కట్టాం, అల్హందులిల్లాహ్.

ఖిస్సా ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్నే కాదు. అసలు ఇమ్తిహాన్ తర్వాత వచ్చింది.

నా పాత 1650 అమ్మకానికి పెట్టాను. మా మొహల్లా పక్క వీధి పిల్లవాడు, డిప్లొమా చదువుతున్నాడు, 7,000కి ఒప్పుకున్నాడు. ఆ కార్డు హెచ్‌డీఎంఐ పోర్టు పనిచేయదు, ఇంకో పోర్టుతో నడుస్తుంది. వాడు అడగలేదు. మా ఇంట్లో చూసినప్పుడు తెర చక్కగానే వచ్చింది. పైసలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు కూడా. ఆ రెండు నిమిషాల్లో నా నఫ్స్ నాకు ఎన్ని చెప్పిందో: వాడు అడగలేదు కదా, నువ్వు అబద్ధం ఆడలేదు కదా. మా పెద్దోడు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

“బేటా, హెచ్‌డీఎంఐ పనిచేయదు” అన్నాను. పిల్లవాడు మొహం చిన్నబుచ్చుకుని 5,500 ఇస్తానన్నాడు. ఇచ్చేశాను. పదిహేను వందలు పోయాయి. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మా వాడు ఆ సంగతి ఎత్తలేదు. కానీ నా పళ్లెంలో ఇంకో రోటీ వేశాడు.

2023 జూన్ 29న మా వాడు ఎదురుచూసిన 4060 వచ్చింది. తొమ్మిది నెలల తర్వాత. కరెంటు 115 వాట్లే తింటుంది, గేముల్లో 3060 కన్నా చురుకు. మెమరీ మాత్రం ఎనిమిది జీబీ. “మీ పనికి మీదే సహీ, నా పనికి నాదే సహీ” అన్నాడు వాడు. నా కార్డుకి పోయిన ఏడాది మళ్లీ ఒక ఫ్యాన్ మార్పించాను, 1,200 అయింది. ఇప్పటికైతే నడుస్తోంది.

సస్తా అవుతున్నప్పుడు కొనాలా, ఆగాలా అని ఇప్పుడు నన్నెవరైనా మష్వరా అడిగితే మా బేగం సవాలే తిరిగి అడుగుతాను. షౌక్ అయితే సబర్ చేయండి, ఆగినందుకు పోయేదేమీ లేదు. జరూరత్ అయితే ఆగిన రోజుల్ని కూడా హిసాబ్‌లో వేయండి. పాతది కొంటే దాని ఐబ్ అడిగి తెలుసుకోండి. మీ పాతది అమ్మేటప్పుడు మాత్రం అడిగేదాకా ఆగకండి.