హన్నా అనగా కృప



హన్నా, అన్నమ్మ, గ్రేసమ్మ, కృపమ్మ. మేము సేవ చేయు పల్లెలలో ఈ పేర్లు గల సహోదరీలు అనేకులున్నారు. పేర్లు నాలుగైనను అర్థము ఒక్కటే.

హెబ్రీ భాషలో హన్నా అనగా కృప. గ్రీకులో ‘హ’ శబ్దము జారిపోయి అదే పేరు అన్న అయినది. అందుచేత మన తెలుగు బైబిలులో సమూయేలు తల్లి హన్నాగాను, దేవాలయములో బాలయేసును చూచిన వృద్ధ ప్రవక్త్రి అన్నగాను కనబడుదురు. మన ఊళ్లలో ‘అమ్మ’ చేరి అన్నమ్మ అయినది. కృపమ్మ అనగా అదే అర్థమునకు మన భాషలోని పేరు. గ్రేసమ్మ ఇంగ్లీషు నుండి వచ్చినది.

ఇంకొక సంగతి గమనించుడి. యోహాను అను పేరు కూడ అదే ధాతువు నుండి పుట్టినది. యెహోవా కృప చూపెనని దాని భావము. మగబిడ్డకు యోహాను, ఆడబిడ్డకు హన్నా. దేవుని కృప ఒక్కటే.

అయితే మన ఇండ్లలో యోహాను పుట్టిన దినమున మిఠాయిలు పంచుదురు. హన్నా పుట్టిన దినమున ముఖములు చిన్నబోవును. శిశు ప్రతిష్ఠకు మనుమరాలిని ఎత్తుకొని వచ్చిన ఒక నానమ్మ మాతో, “అయ్యగారూ, మళ్ళ ఆడపిల్లనే అయింది. ఏదో ఒక పేరు పెట్టుండ్రి” అనెను. హన్నా అని పేరు పెట్టి, అర్థము వివరించితిమి. బాలింతరాలు కొంగుతో కన్నీళ్లు తుడుచుకొనెను. నానమ్మ మాత్రము, “పేరు మంచిగనే ఉన్నది. రేపు కట్నం ఎవరిస్తరు అయ్యగారూ?” అని అడిగెను.

ఆ ప్రశ్నను మేము త్రోసివేయలేదు. 1999లోను, మరల 2001లోను, దేవరకొండ ప్రాంతపు తండాలలో ఆడ పసికందులను అమ్ముచున్నారను వార్తలు దేశమంతట వినబడినవి. కన్నతల్లికి ప్రేమ లేక కాదు. పేదరికము, కట్నము ఆ ఇండ్లను అంతగా భయపెట్టినవి. వట్టి పేరు పెట్టినంత మాత్రమున ఆ భయము పోదు.

కావున నానమ్మ ప్రశ్నకు సంఘమే జవాబియ్యవలెను. 1961 నుండి కట్నమును నిషేధించు చట్టము ఉన్నది. అయినను కట్నమడుగువారిలో ఆదివారము మన ప్రక్కన కూర్చుండువారు లేరా? కుమారులు గల తలిదండ్రులారా, కృప అని పేరు గల కోడలిని వెల కట్టి తెచ్చుకొనవద్దు. పాలమూరు నుండి వలస వెళ్లు తలిదండ్రులారా, తమ్ముని ఎత్తుకొనుటకని ఆడపిల్ల బడి మాన్పించవద్దు. హాస్టలులో చేర్చుడి, లేదా బంధువుల ఇంట ఉంచి చదివించుడి. 18 ఏండ్లు నిండక మునుపు పెండ్లి తలపెట్టవద్దు.

సమూయేలు తరువాత దేవుడు హన్నాకు ముగ్గురు కుమారులను, ఇద్దరు కుమార్తెలను అనుగ్రహించెను. ఆ కుమార్తెల పేర్లు మనకు తెలియవు గాని, వారును దేవుని కృపాదానమని పరిశుద్ధ గ్రంథము లెక్కించినది. మనమును మన కుమార్తెలను ఆలాగే లెక్కించుటకు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.