అర్జున్‌కు వ్రాసిన ఉత్తరం



మాది హోసూరు ప్రాంతం. తమిళనాడులో తమిళ పఠనాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం తరువాత, మా బడి నుండి ఇళ్లకు తెలుగులో వెళ్లే కాగితాలు బాగా తగ్గిపోయాయి. కనుక ఏడాది చివర నా మూడో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికీ తెలుగులో ఓ ఉత్తరం వ్రాస్తాను.

ఈసారి చేతివ్రాతకు ఓపిక చాలక ఎక్సెల్‌ను ఆశ్రయించాను. ఏ వరుసలో ఇనీషియలు, బీ వరుసలో పేరు. (మన ఇంటిపేర్లు ఇక్కడి రికార్డులలో ఒంటి అక్షరాలైపోయిన కథ మరొకసారి చెబుతాను.) =ఏ2&". "&బీ2 అని సూత్రం ఇచ్చి కిందికి లాగితే పేర్లన్నీ కూడాయి. మీరు టైపు చేసేటప్పుడు గడుల పేర్లు ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. చుక్క తరువాతి ఖాళీని మరువకండి.

చిక్కంతా విభక్తితో వచ్చింది. అందరికీ "కు" తగిలిస్తే సరళకు బాగానే ఉంది, గౌరి "గౌరికు" అయింది. దానికి ఉపాయం దొరికింది: రైట్ అనే ఫంక్షన్ గుడిని విడి అక్షరంగానే చూస్తుంది. పేరు చివర గుడి గాని గుడిదీర్ఘం గాని ఉంటే "కి", లేకుంటే "కు" అని ఇఫ్‌తో చెప్పాను. ఉత్తరాలు పంపివేశాను.

మరునాడు ఒక తల్లి కాగితం పట్టుకొని వచ్చింది. "ఇది మావాడి పేరేనా సార్?" అందులో "అర్జున్కు" అని ఉంది. న కింద కవొత్తు! పక్కన నిలబడ్డ పిల్లవాడు దానిని కూడబలుక్కొని ఉన్నదున్నట్టే చదివాడు. పొల్లు పక్కన హల్లు వస్తే వొత్తవుతుందని వాడికి నేర్పినది నేనే. యంత్రమూ ఆ పాఠమే పాటించింది.

పొల్లుతో ముగిసే పేర్లకు మందు ఇది: =బీ2&యూనికార్(8204)&"కు". ఆ 8204 కంటికి కనిపించని గుర్తు. పొల్లును పొల్లుగానే నిలుపుతుంది. ఎక్సెల్ 2013 నుండి ఈ ఫంక్షన్ ఉన్నది, లిబ్రే ఆఫీసులోనూ ఉన్నది. అయితే అసలు పేర్ల వరుసలో మాత్రం దీనిని చేర్చకండి. కనిపించకపోయినా అదీ ఒక అక్షరమే గనుక, తరువాత పేరును వేరొక పట్టికతో సరిపోల్చబోతే కలవదు.

అర్జున్‌కు కొత్త ఉత్తరం ఇచ్చాను. పాతది తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు. రెండూ వాడి పుస్తకంలోనే ఉన్నాయి.