మందు మానిపించింది నేనే

మా మరిది చేత మందు మానిపించింది నేనే. ఇన్నేళ్లయినా ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

స్కిజోఫ్రెనియా అన్నారు. చెవిలో ఎవరో తిడుతున్నారనేవాడు. మాత్రలతో అది సర్దుకుని, కొబ్బరితోట పనులు తనే చూసుకుంటున్నాడు. కాకపోతే ఒళ్లు వచ్చేసింది, చేతులు వణికేవి. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. "బాగానే ఉన్నావు కదా, ఇంకా ఎందుకవి?" అన్నాను. అత్తయ్యగారూ ఊఁ కొట్టారు.

మూడో నెలకి నిద్ర పోయింది. ఒకరోజు కాలవగట్టున కూర్చుని నీళ్లతో వాదులాడుతుంటే మావారు వెళ్లి తీసుకొచ్చారు.

రాజమండ్రి డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి చెప్పారు. జబ్బు కుదురుకున్నవాళ్ల మీద జరిగిన 65 పరీక్షలు కలిపి చూశారట. మందు కొనసాగించినవాళ్లలో ఏడాదిలోపు 100కి 27 మందికి తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 64 మందికి.

"ఒళ్లు రావడం, వణుకు మందు వల్ల ఎక్కువవుతాయని కూడా అందులోనే ఉందమ్మా. నాకు చెబితే మోతాదు తగ్గిస్తాను, మందు మారుస్తాను. మీకు మీరే ఆపేస్తే ఎలా?" అన్నారు.

మందు మారింది. బరువు, షుగరు క్రమంగా చూపిస్తున్నాం. వణుకు తగ్గింది, పొట్ట అంతగా తగ్గలేదు. సంబంధం వస్తే మాత్రల సంగతి ముందే చెప్పాలని అతనే అన్నాడు.

నిన్న రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని, "వదినా, నీ బీపీ బిళ్ల వేసుకున్నావా?" అని అడిగాడు.

మర్చిపోయాను. లేచి వేసుకున్నాను.