నాన్న చత్వారం, ఒక కాంకేవ్ మిర్రర్

మా నాన్నకు యాభై రెండేళ్లు. విజయవాడ–హైదరాబాద్ మధ్య టాక్సీ నడుపుతారు, ఎక్కువగా రాత్రిళ్లే. చత్వారం వచ్చింది. రోడ్డు బాగానే కనిపిస్తుంది గానీ స్పీడోమీటర్ అంకెలు మసక. కళ్లద్దాలు పెడితే అంకెలు తేటపడతాయి, రోడ్డు మసకేస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను కిందికి చూస్తే బండి 22 మీటర్లు వెళ్లిపోతుంది. ఫైనలియర్‌లో అందరూ యాప్‌లు చేస్తుంటే నేను హెడ్-అప్ డిస్‌ప్లే ఎందుకు తీసుకున్నానని అడిగినవాళ్లకు ఇదే జవాబు.

"ముందు అద్దం మీద అంకెలు పడతాయంట కదమ్మా?" అన్నారు నాన్న. అద్దం మీద పడవు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. మంచి హెడ్-అప్ డిస్‌ప్లేలో అంకెలు కంటికి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో, బానెట్ మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. రోడ్డును చూస్తున్న కన్ను పెద్దగా సర్దుకోవక్కర్లేదు. చత్వారం ఉన్నవాళ్లకు కావలసింది అదే.

చాలామంది డ్రైవర్లు ఫోన్‌ని డాష్‌బోర్డ్ మీద పడుకోబెట్టి అంకెల్ని అద్దంలో చూస్తారు. అక్కడ విండ్‌షీల్డ్ దాదాపు మామూలు అద్దంలాగే పనిచేస్తుంది. ఫోన్ 15 సెం.మీ. దూరంలో ఉంటే బొమ్మ కూడా అద్దం వెనక అంతే దూరంలో. కన్ను 80 సెం.మీ. వెనక ఉందనుకుంటే మొత్తం 95. నాన్నకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకే మధ్యలో కాంకేవ్ మిర్రర్ కావాలి. ల్యాబ్‌లో 30 సెం.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్నది దొరికింది. స్క్రీన్‌ని 26 సెం.మీ. దగ్గర పెడితే బొమ్మ మిర్రర్ వెనక 195 సెం.మీ.కి పోతుంది. 27 దగ్గర పెడితే 270కి! ఒక్క సెంటీమీటరుకు ముప్పావు మీటరు. ఇంటర్‌లో బట్టీపట్టిన సూత్రం మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే.

ఇక విండ్‌షీల్డ్ గొడవ. అది రెండు గాజు పలకలు, మధ్యలో పీవీబీ పొర. లోపలి ముఖం ఒక బొమ్మని, బయటి ముఖం ఇంకో బొమ్మని చూపిస్తాయి. అంకె పక్కన దెయ్యంలా ఇంకో అంకె! కార్ల కంపెనీలు ఆ పొరని పైన కాస్త మందంగా, కింద పల్చగా చేయించి రెండు బొమ్మల్నీ ఒకదాని మీదకి ఒకటి తెస్తాయి. మీటరు ఎత్తుకు తేడా సుమారు అర మిల్లీమీటరు, అంతే. అలాంటి కారుకు అద్దం పగిలి మామూలుది వేయిస్తే అంకెలు మళ్లీ జంటలవుతాయి. 2022 బలెనోలో విండ్‌షీల్డ్ జోలికి పోకుండా డాష్‌బోర్డ్ మీద విడిగా చిన్న పలక పెట్టారు. నేనూ అదే దారి పట్టాను.

ఎండ ఇంకో తంటా. బయటి సూర్యుడు అదే దారిలో లోపలికొచ్చి, కాంకేవ్ మిర్రర్ వల్ల పోగుపడి, స్క్రీన్‌ని కాల్చేయగలడు. బెజవాడ మే నెల సంగతి నేను చెప్పాలా! పరారుణ కిరణాల్ని వెనక్కి వదిలేసే పూత ఉన్న మిర్రర్లు ఉన్నాయి, నా బడ్జెట్‌కి మాత్రం నల్లగుడ్డ మూతే.

మిగిలింది ఐబాక్స్. కన్ను ఒక చిన్న చట్రంలో ఉంటేనే బొమ్మ కనిపిస్తుంది. చాలా డిజైన్లలో అది సుమారు 13 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు. నాన్నేమో రెండు గంటలు నడిపాక సీట్లో కిందికి జారి కూర్చుంటారు. ఎంత జారతారో సూర్యాపేట దాటాక కొలవాలి. వచ్చే శనివారం టేపు పట్టుకుని పక్క సీట్లో కూర్చుంటున్నాను.